క్లాసు మారుస్తున్నారు, కారు అమ్మేయనా?

"అన్నా, నమస్తే. మాది టెక్సస్, డాలస్ పక్కన. ఐటీ ఉద్యోగం. మూడేళ్లుగా ఆటోక్రాస్‌కి వెళ్తున్నాను. రెండేళ్ల కిందట, స్ట్రీట్ విభాగంలో మా క్లాసుకి ఇదే సరైన కారు అని అందరూ అంటే నా పాత కారు అమ్మేశాను. సరిగ్గా ఆ ఏడాది మోడల్, ఆ ప్యాకేజీ ఉన్నదాని కోసం వెతికి వెతికి ఒక్లహామా వెళ్లి తెచ్చుకున్నాను. షాక్స్, యాంటీ రోల్ బార్, తేలిక చక్రాలు, టైర్లు కలిపి ఆరు వేల డాలర్ల దాకా అయింది. ఇప్పుడేమో వచ్చే జనవరి నుంచి ఈ కారుని పై క్లాసులోకి మార్చాలని ప్రతిపాదన వచ్చింది. అక్కడి కార్లకీ నా కారుకీ పోలికే లేదు. మా గ్రూపులో ఒకాయన అప్పుడే అమ్మకానికి పెట్టేశాడు. కమిటీవాళ్లు తమకి నచ్చిన కారు గెలవాలని ఇదంతా చేస్తున్నారని ఇంకొకాయన అంటున్నాడు. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. మా ఆవిడేమో 'కోన్ల మధ్య తిరగడానికి ఏ క్లాసైతే ఏంటి' అంటోంది. కారు అమ్మేసి వేరేది కొనమంటారా? ఈ థాంక్స్‌గివింగ్ సేల్‌లో టైర్లు కొనాలా వద్దా, అది కూడా చెప్పండి. ఈ ఏడాది ఎనిమిది ఈవెంట్ల రిజల్ట్స్, నేను కమిటీకి రాసిపెట్టుకున్న ఉత్తరం జత చేశాను."

అన్నా అన్నావు కాబట్టి చనువుగా నువ్వు అనేస్తున్నాను. కారు పేరు, క్లాసు అక్షరాలు నీ ఉత్తరంలోంచి నేనే తీసేశాను. మీ చుట్టుపక్కల ఆ రంగు కారులో కోన్ల మధ్య తిరిగే తెలుగువాడివి నువ్వొక్కడివే అయ్యుంటావు.

ఈ ఆట తెలియనివాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. పెద్ద పార్కింగ్ లాట్‌లోనో, వాడకంలో లేని రన్‌వే మీదనో కోన్లు పెట్టి వంకర టింకర దారి తయారు చేస్తారు. మన దేశంలో ఆటోక్రాస్ అంటే మట్టి రేగే దారి గుర్తొస్తుంది, ఇక్కడ తారు, సిమెంటు మీదే. ఒక్కో కారునీ విడిగా వదులుతారు. నిమిషం అటూ ఇటూగా ముగిసిపోతుంది. లెక్క సెకనులో వెయ్యో వంతు దాకా. కోన్ తగిలితే రెండు సెకన్లు కలుపుతారు, దారి తప్పితే ఆ రన్ పోయినట్టే. మిగతా పూటంతా ఎండలో నిలబడి ఎవరో పడగొట్టిన కోన్లు ఎత్తి పెట్టడంతో సరిపోతుంది. అమెరికాలో దీన్ని నడిపేవాటిలో పెద్దది ఎస్‌సీసీఏ, అంటే స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా. 1944లో మొదలైంది. వాళ్లు ఈ ఆటని సోలో అంటారు.

అందులో స్ట్రీట్ విభాగం అంటే కారు షోరూమ్‌లోంచి ఎలా వచ్చిందో దాదాపు అలాగే ఉండాలి. షాక్స్ మార్చుకోవచ్చు. యాంటీ రోల్ బార్, అంటే మలుపుల్లో కారు ఒరిగిపోకుండా ఆపే కడ్డీ, ముందుదో వెనకదో ఏదో ఒకటి మార్చుకోవచ్చు. బ్రేక్ ప్యాడ్లు పర్వాలేదు. స్ప్రింగులు మాత్రం ముట్టుకోకూడదు. చక్రం వెడల్పు కంపెనీ ఇచ్చినంతే. టైరు మీద ట్రెడ్‌వేర్ అంకె, అంటే రబ్బరు ఎంత నెమ్మదిగా అరుగుతుందో చెప్పేది, 200కి తగ్గకూడదు. పైన సూపర్ స్ట్రీట్, దాని కింద ఏ నుంచి హెచ్ దాకా క్లాసులు. కారులో మార్చడానికి పెద్దగా ఏమీ లేదు కాబట్టి ఏ కారు ఏ క్లాసులో ఉందన్నదే సగం ఆట. అందుకే జనం మూడు రాష్ట్రాలు దాటి వెళ్లి మరీ అరంగుళం వెడల్పు ఎక్కువున్న చక్రాల మోడల్ తెచ్చుకుంటారు. నువ్వూ అదే చేశావు. తప్పేం లేదు.

ఇక నీ రిజల్ట్స్ షీటు. ఇది చూశాక నాకు కొంచెం నవ్వొచ్చింది, ఏమనుకోకు. నీ తరఫున సాక్ష్యంగా పంపావు, అది వెళ్లి అవతలి పక్షాన నిలబడింది.

మీ క్లాసులో ఏడాదంతా గెలిచినాయనది నీ కారే. అదే మోడల్, అదే ప్యాకేజీ, టైర్లు కూడా అవే అని నువ్వే రాశావు. ఎనిమిది ఈవెంట్లలో నీకూ ఆయనకీ తేడా అతి తక్కువగా 1.2 సెకన్లు, ఎక్కువగా 3.1. ఇప్పుడు పై క్లాసు వరస చూడు. 'పోలికే లేని' కార్లన్నావే, వాటిలో మొదటొచ్చినవాడి టైం పక్కన మీ విజేత టైం పెట్టి చూశాను. ఎనిమిదిలో మూడుసార్లు మీవాడే ముందున్నాడు. మిగతా ఐదింట్లో రెండుసార్లు అర సెకను లోపే వెనక. నిజమే, అందరూ ఒకే వేళకి పరిగెత్తరు. టెక్సస్‌లో పొద్దున తొమ్మిదింటి తారు వేరు, మధ్యాహ్నం రెండింటి తారు వేరు. ఒక ఊరి ఫలితాలు చూసి తీర్పులు చెప్పకూడదు కూడా. కానీ ఇలాంటి షీట్లు దేశం నలుమూలల నుంచి వచ్చి బల్ల మీద పడితే కమిటీవాళ్లకి ఏమనిపిస్తుందో ఆలోచించు.

ఇంకోటి చూశాను. ఎనిమిదిలో మూడు ఈవెంట్లలో నీ అన్నింటికన్నా వేగమైన రన్‌లో కోన్ ఉంది. ఒక్కో కోన్‌కి రెండు సెకన్లు. క్లాసు మారితే పోయేదెంత? అన్ని క్లాసులవాళ్లనీ కలిపి పోల్చడానికి వాడే పాక్స్ సూచికలు నీకు తెలుసు కదా, ఎవరి టైంని వాళ్ల క్లాసు అంకెతో గుణిస్తారే, అవి. ఒక క్లాసుది 0.810, పై క్లాసుది 0.820 అనుకుందాం. లెక్క కోసమే, అసలు అంకెలు కావు. నీ రన్ సరిగ్గా 60 సెకన్లయితే మొదటి క్లాసులో అది 48.6 అవుతుంది, రెండోదాంట్లో 49.2. అంటే 0.6. ఆ 0.6 కోసం నువ్వు నిద్ర మానుకుంటున్నావు. రెండు సెకన్ల కోన్ గురించి మాత్రం నీ ఉత్తరంలో ఒక్క మాట లేదు.

దీన్ని ఎగతాళి అనుకోకు. ఈ కోపం నాకు కొత్త కాదు, నేనే పడి లేచినవాణ్ణి.

2014లో ఈ విభాగం మొత్తం మారింది. అప్పటిదాకా దీని పేరు స్టాక్. కారు మామూలుదే, టైర్లు మాత్రం రేసు టైర్లు. మాలో చాలామందివి హూజియర్ ఏ6లు. మెత్తటి రబ్బరు, వేడెక్కితే జీడిలా పట్టుకునేది, నాలుగు ఈవెంట్లు తిరగకముందే బలం తగ్గిపోయేది. ఇంటి నుంచి మామూలు చక్రాల మీద వచ్చి, లాట్‌లో జాకీ వేసి నాలుగూ మార్చుకుని, సాయంత్రం మళ్లీ మార్చుకుని వెళ్లేవాళ్లం. వాటిని తీసేసి, రోడ్డు మీద నడిచే టైర్లే వాడాలని పేరు కూడా స్ట్రీట్ అని మార్చారు. వస్తోందని ముందే తెలుసు. అయినా 'ఇంతమంది వద్దంటుంటే ఎలా తెస్తారు, వెనక్కి తీసుకుంటారులే' అని తగ్గింపు ధరకి ఇంకో సెట్టు కొని గరాజ్‌లో పేర్చాను. వెనక్కి తీసుకోలేదు. ఆ సెట్టు సగం ధరకి, స్ట్రీట్ ప్రిపేర్డ్ విభాగంలో నడిపే ఒకాయనకి ఇచ్చేశాను. అక్కడ ఆ టైర్లు చెల్లుతాయి. అవి డిక్కీలో పెట్టుకుంటూ ఆయన నా మొహం చూసి, ధర ఇంకాస్త తగ్గించమని అడగబోయి మానేశాడు.

ఆ ఏడాది మొదటి ఈవెంట్ చెప్పాలి నీకు. ఆట అయిపోయింది, మజా పోయింది, ఇక ఎవడొస్తాడు అని చలికాలమంతా చెప్పుకున్నవాళ్లం అందరం వచ్చాం. అందరం కొత్త టైర్ల మీద జారుతూ కోన్లు గుద్దాం. ఫలితాలు చూస్తే మా క్లాసులో మొదటివాడు మొదటివాడే, రెండోవాడు రెండోవాడే. నేను నాలుగోవాణ్ణి. ముందటేడూ నాలుగే.

ఇందులో ఇంకో తమాషా ఉంది. ట్రెడ్‌వేర్ అంకె వేసేది టైరు తయారుచేసిన కంపెనీయే. ఖర్చు తగ్గిద్దామని గీత గీస్తే, ఆ గీత మీదే నిలబడి కంపెనీలు 200 అని అచ్చువేసి రేసు టైరుకి తమ్ముళ్లలాంటివి తెచ్చాయి. 2015లో వచ్చిన బ్రిడ్జ్‌స్టోన్ ఆర్ఈ-71ఆర్‌తో అందరూ మళ్లీ పర్సులు తీశారు. తర్వాత యోకొహామా ఏ052. రూలు మారితే ఖర్చు ఆగుతుందనీ మారకపోతే మిగులుతుందనీ నేను నమ్మను.

ఒంగోలు వైపు ఎడ్ల బండలాగుడు పోటీలు చూశావో లేదో. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని విభాగాలు. గిత్త నోరు తెరిచి పళ్లు చూస్తారు. కొత్త పన్ను వచ్చిందంటే పై విభాగమే, యజమాని మొత్తుకున్నా అంతే. కారుకి పళ్లుండవు, అదే చిక్కు. గుర్రాల బలం, బరువు, చక్రం వెడల్పు, గేరు పళ్ల నిష్పత్తి అన్నీ చూసి ఎవరో ఒకరు ఊహించాలి, తర్వాత లాట్‌లో ఏం జరిగిందో చూసి సరిదిద్దాలి. పైగా ఇక్కడ వరస తిరగబడి ఉంటుంది. వయసు మీదపడేకొద్దీ కార్లు సాధారణంగా కిందికే దిగుతాయి. సీ5 కార్వెట్ జడ్06 ఒకప్పుడు సూపర్ స్టాక్‌లో మహారాజు. ఇప్పుడా పై గద్దె మీద 911 జీటీ3 లాంటివి ఉన్నాయి. కారుని కిందికి దింపితే ఆ కారు ఉన్నవాళ్లు చప్పుడు చెయ్యరు, కింద అప్పటికే ఉన్నవాళ్లు గోల చేస్తారు. పైకి తోస్తే నీలాంటివాళ్లు. ఎటు జరిపినా ఎవరో ఒకరికి నిద్ర పట్టదు.

కమిటీ కుట్ర సంగతి. ఆ సలహా కమిటీల్లో ఉండేవాళ్లు జీతం తీసుకునేవాళ్లు కాదు, మనలాగే శనాదివారాలు కోన్ల మధ్య తిరిగేవాళ్లే. వాళ్లకీ కార్లుంటాయి, వాటి మీద ప్రేమా ఉంటుంది. అందుకే అనుమానం పుడుతుంది, పుట్టడం సహజమే. కానీ పని జరిగే తీరు చూడు. ప్రతిపాదన ఫాస్ట్‌ట్రాక్ అనే నెలవారీ ప్రకటనలో బహిరంగంగా వస్తుంది. సభ్యులు రాయమని అడుగుతారు. సోలో ఈవెంట్స్ బోర్డు చూస్తుంది, ఆ పైన డైరెక్టర్ల బోర్డు ఒప్పుకోవాలి. గుట్టుగా కుట్ర చెయ్యదలిచినవాడు ఇంతమందికి ముందే చెప్పి చెయ్యడు. నీ కారు విషయం ఇంకా ప్రతిపాదన దగ్గరే ఉంది. అంటే నీ మాటకి చోటుంది.

కాబట్టి రాయి. కానీ నువ్వు నాకు పంపిన ఆ ఉత్తరం కాదు. అది రాత్రి ఒంటిగంటకి రాసినట్టుంది. మొదటి పేరాలో ఆరు వేల డాలర్లు, రెండో పేరాలో ఆరు వేల డాలర్లు, చివర్లో సభ్యత్వం మానేస్తానన్న బెదిరింపు. అటువంటివి వాళ్లకి సంచుల్లో వస్తుంటాయి. 'మీ అభిప్రాయానికి ధన్యవాదాలు' అని ఒక్క వాక్యంతో సరిపెడతారు. డబ్బు గోడు తీసెయ్యి. ఒకే పేజీలో నీ కారు బరువు, చక్రం వెడల్పు, వేయగలిగిన అతి పెద్ద టైరు సైజు రాసి, పక్కనే పై క్లాసులో గెలుస్తున్న కార్లవి రాయి. ఆ కారు వేర్వేరు డ్రైవర్ల చేతుల్లో నేషనల్స్‌లో, రెండు కార్లని పక్కపక్కనే వదిలే ప్రోసోలో పోటీల్లో ఎలా ఉందో చూడు. ఒక్క గొప్ప డ్రైవరు వల్ల కారు గొప్పదిలా కనిపిస్తోందని నీకు నిజంగా అనిపిస్తే, అదీ అంకెలతో చూపించు. అది మంచి వాదన, వింటారు. లెక్కలు వేశాక నీ వాదన నిలబడకపోతే ఉత్తరం పంపకు. నాకు తెలిసి చాలా ఉత్తరాలు ఆ దశలోనే ఆగిపోవాల్సినవి.

ఇప్పుడు ఆ ఆరు వేలు. జాగ్రత్తగా చదువు: కారు స్ట్రీట్ లోపలే ఒక క్లాసులోంచి ఇంకో క్లాసుకి వెళ్తోంది. విభాగం మారట్లేదు. నీ షాక్స్, నీ బార్, నీ చక్రాలు అక్కడా చెల్లుతాయి. ఒక్క బోల్టు కూడా విప్పక్కర్లేదు. 2014లో నా టైర్లు పనికిరాకుండా పోయినట్టు నీవి పోవు. పోయిందల్లా ఆ క్లాసుకి ఇదే కారు అన్న పేరు. దానికీ మార్కెట్లో కొంత విలువుంటుంది, కాదనను. అమ్మబోతే ఆ తేడా తెలుస్తుంది. అమ్మకపోతే తెలియదు.

అమ్మేస్తే ఏమవుతుందో కూడా చూద్దాం. మీ గ్రూపులో ఒకాయన పెట్టేశాడు, ఇంకో ఇద్దరు పెడతారు. అదే కారు, అదే నెలలో, అదే కొనేవాళ్లకి. ధర ఎటు పోతుందో నేను చెప్పక్కర్లేదు. కొత్తగా కొనేదానికి టెక్సస్‌లో 6.25 శాతం పన్ను, అంటే 30 వేల డాలర్ల కారుకి 1,875. దానికి మళ్లీ షాక్స్, మళ్లీ బార్, మళ్లీ చక్రాలు. ఆ కారు అలవాటు కావడానికి ఒక ఏడాది. ఇంతా చేశాక, అందరూ గెలిచే కారు అని కొన్నదాన్నే కదా తర్వాత కమిటీ చూసేది? రెండేళ్లకి నువ్వు మళ్లీ నాకు ఇదే ఉత్తరం రాస్తావు.

నువ్వు సెప్టెంబరులో నెబ్రాస్కా వెళ్లి లింకన్‌లో నేషనల్స్ గెలవాలనుకునేవాడివైతే నా సమాధానం వేరుగా ఉండేది. అక్కడ రెండు రోజులు, రెండు కోర్సులు, ఒక్కోదానిమీద మూడేసి రన్‌లు, రెండింటి మీదా వచ్చిన మంచి టైంలు కలిపి తేలుస్తారు. వెయ్యి మందికి పైగా వచ్చే చోట మొదటి ముగ్గురి మధ్య తేడా కొన్నిసార్లు కనురెప్ప వేసినంత. అలాంటివాళ్లు క్లాసు మారగానే కారు మారుస్తారు, అది వాళ్ల లెక్క, అందులో తప్పు పట్టడానికేమీ లేదు. నువ్వు మీ ఊళ్లో, నీలాంటి కారులోనే ఉన్నాయనకి సెకను నుంచి మూడు సెకన్ల దాకా వెనక ఉన్నావు.

ఆయన్నే పట్టుకో. చివర్లో ఫలితాల లెక్కలోకి రాని ఫన్ రన్‌లు పెట్టినప్పుడు నీ కారు తాళం ఆయన చేతిలో పెట్టి, పక్క సీట్లో కూర్చో. ఒకే కారుని ఇద్దరు నడపడం ఈ ఆటలో మామూలే, ఎవరూ వింతగా చూడరు. ఆయన నీ కారులో తన టైం తాను తెస్తే నీ షాక్స్ మీద పెట్టిన డబ్బు వృథా కాలేదని తెలుస్తుంది. తేలేకపోతే కారులో ఏదో తేడా ఉంది, అదీ తెలియాల్సిందే. కళ్లు మాత్రం కోన్ల మీద కాకుండా ఆయన చేతుల మీద పెట్టు. స్లాలమ్‌లో, అంటే వరసగా పెట్టిన కోన్ల మధ్య పాములా మెలికలు తిరిగేచోట, మనం కోన్ పక్కకి వచ్చాక స్టీరింగ్ తిప్పుతాం, వేగంగా పోయేవాళ్లు రెండు కోన్ల ముందే మొదలుపెట్టేసి ఉంటారు. నాకు ఈ సంగతి ఆట మొదలుపెట్టిన ఏడో ఏడాదిలో తెలిసింది, పక్క సీట్లో కూర్చున్న రోజు. అప్పటికి రెండు కార్లు మార్చాను.

స్ట్రీట్ మీద మరీ విరక్తి పుడితే వేరే చోట్లున్నాయి. ఎక్స్‌ట్రీమ్ స్ట్రీట్ ఉంది, స్ట్రీట్ టూరింగ్ ఉంది. కానీ స్ప్రింగులు ముట్టుకోవచ్చన్న చోటికి వెళ్తే ఆరు వేలు అక్కడ టిఫిన్ ఖర్చు. మీ ఆవిడకి ముందే చెప్పు. అన్నట్టు, ఆవిడ అన్నమాట నాకు సగమే సరైనదనిపించింది. ఏ క్లాసైతే ఏంటి అంటే, ఎవరితో పోటీ అన్నది కొంచెం ముఖ్యమే. కొత్త క్లాసులో మీ దగ్గర ఆరుగురు వస్తున్నారని షీటులో ఉంది. ఇప్పుడు నీ క్లాసులో ముగ్గురే. ముగ్గురిలో మూడో స్థానానికి ఏడాదంతా పాయింట్లు లెక్కపెట్టుకోవడం కన్నా ఆరుగురిలో నాలుగో స్థానం కోసం కొట్టుకోవడంలో మజా ఉంది.

టైర్ల సంగతి. కారు ఉంచుకుంటున్నావు కాబట్టి సేల్‌లో కొనెయ్యి. క్లాసు ఏదైనా చక్రం అదే, సైజు అదే, ఆ డబ్బు ఎటూ పోదు. ఒక్కటే జాగ్రత్త: ఈ మెత్తటి టైర్లకి గడ్డకట్టే చలి పడదు, రబ్బరు పగుళ్లిచ్చే ప్రమాదం ఉంది. టెక్సస్‌లో చలేంటి అనకు, 2021 ఫిబ్రవరిలో రాష్ట్రమంతా గడ్డకట్టిపోవడం గుర్తు తెచ్చుకో. గరాజ్‌లో కాకుండా ఇంట్లో అల్మారాలో పెట్టుకో. ఏ అల్మారా అన్నది మాత్రం మీ ఆవిడతో నువ్వే తేల్చుకోవాలి, దానికి నా దగ్గర సలహా లేదు.